రేపు మధ్యాహ్నం హైదరాబాద్‌లో నీడ మాయం! ఇలాంటి నమ్మలేని నిజాలు మీకేం తెలుసు?

మేడమీద_కుర్చీ | హైదరాబాద్ | మే 8, రాత్రి 8:50

రేపు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి హైదరాబాద్‌లో మేడ ఎక్కి నిటారుగా నిలబడితే మీ నీడ ఏ పక్కకీ పడదు. మొత్తం కాళ్ళ కిందికి దూరిపోతుంది. పైపు ముక్క నిలబెట్టి చూసినా అంతే. ఒక రోజు అటూ ఇటూ అయినా కంటికి తేడా తెలీదు కాబట్టి రేపు మబ్బేస్తే ఎల్లుండి చూడొచ్చు.

'నడినెత్తిన సూర్యుడు' అని వేసవంతా అంటూనే ఉంటాం. నిజానికి హైదరాబాద్‌కి సరిగ్గా నడినెత్తికి సూర్యుడు వచ్చేది ఏడాదిలో రెండే రెండు రోజులు. ఒకటి ఇప్పుడు, రెండోది ఆగస్టు మొదటి వారంలో. ఈ సంగతి నాకు నలభై రెండేళ్ళు వచ్చాక తెలిసింది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మీ దగ్గర ఇలాంటివి ఉంటే రాయండి. ఒకటే షరతు. వంటింట్లోనో మేడ మీదో మనమే చూసుకోగలిగినవి కావాలి. వాట్సాప్ సరుకు వద్దు.

నమ్మను_గాక_నమ్మను | ఆదిలాబాద్ | మే 8, రాత్రి 9:05

ఇందులో వింతేముంది? మధ్యాహ్నం పన్నెండింటికి నీడ రోజూ కాళ్ళ కిందే ఉంటుంది. మా తాత నీడ చూసే టైము చెప్పేవాడు.

మేడమీద_కుర్చీ | మే 8, రాత్రి 9:21

ఉండదండీ. మధ్యాహ్నానికి నీడ బాగా పొట్టిదవుతుంది, అంతే. డిసెంబరు 22న హైదరాబాద్‌లో మిట్ట మధ్యాహ్నం కూడా ఐదున్నర అడుగుల మనిషికి దాదాపు నాలుగు ముప్పావు అడుగుల నీడ పడుతుంది, ఉత్తరం వైపు. ఇంకో తమాషా ఏమిటంటే, రేపటి నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు. జూన్ 21న అదే మనిషికి ఏడు అంగుళాల నీడ దక్షిణం వైపు పడుతుంది. సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపు నుంచే వెళ్తాడని అనుకునేవాళ్ళు వచ్చే నెల ఒకసారి తలెత్తి చూడాలి. సూర్యుడి వంక నేరుగా కాదు, నీడ వంక చూడండి.

సముద్రం_గాలి | విశాఖపట్నం | మే 8, రాత్రి 9:48

మాకు మే 11 ప్రాంతంలో. అయితే 12:12కి కాదు, 11:53కే. అంటే పన్నెండు కొట్టేసరికి మా మధ్యాహ్నం అయిపోతుంది. దేశమంతటికీ గడియారం పెట్టేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన. అది మన కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. మేము దానికి కాస్త తూర్పున ఉన్నాం, హైదరాబాద్ నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. దానికి తోడు ఏడాది పొడవునా భూమి నడకలో వచ్చే తేడా వల్ల మేలో ఇంకో మూడున్నర నిమిషాలు ముందుకి జరుగుతుంది.

ఢిల్లీ వాళ్ళకి ఈ యోగం ఏ రోజూ లేదు. కర్కటరేఖకి పైన ఉన్నారు కదా.

నమ్మను_గాక_నమ్మను | మే 8, రాత్రి 9:55

మరి మా ఆదిలాబాద్‌కి ఎప్పుడో చెప్పండి. నేనే చూస్తా. అప్పటిదాకా నమ్మను.

మేడమీద_కుర్చీ | మే 8, రాత్రి 10:02

మే 18 దగ్గర. టైము మాత్రం మాదే, 12:12. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి.

పెనం_పక్కన | రాజమండ్రి | మే 9, ఉదయం 7:15

నాది పూర్తిగా వంటింటి సంగతి. దోసె పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరిస్తాం కదా. పెనం ఓ మాదిరిగా కాలితే చుయ్‌మని క్షణంలో ఆవిరైపోతాయి. మరీ కాలిపోయిందనుకోండి, నీళ్ళు ఆవిరవ్వవు! గుండ్రటి ముత్యాల్లా మారి పెనమంతా పరిగెడతాయి. కాస్త కాలిన పెనం మీదకంటే బాగా కాలిన పెనం మీద నీటిబొట్టు ఎక్కువసేపు బతుకుతుంది. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు "ముత్యాలు పరిగెడుతున్నాయి, మంట తగ్గించు, దోసె అతుక్కోదు, మాడుతుంది" అనేవారు. అలవాటు కొద్దీ తగ్గించేదాన్ని. ఎందుకో మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాక చెప్పాడు.

బొట్టు పెనానికి తగలగానే దాని అడుగు భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి బొట్టుకీ పెనానికీ మధ్య పరుపులా నిలుస్తుంది. ఆవిరిలోంచి వేడి తొందరగా ఎక్కదు. అందుకని మిగతా బొట్టు ఆ పరుపు మీద జారుతూ తిరుగుతుంది. పెనం సుమారు 200 డిగ్రీలకి చేరితే ఇది కనిపిస్తుందట. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీని గురించి రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. మా అత్తగారికి ముందు ఎన్ని తరాల అత్తగార్లకి తెలుసో మరి.

నమ్మను_గాక_నమ్మను | మే 9, ఉదయం 7:40

మంట పెంచితే నీళ్ళు నెమ్మదిగా ఆవిరవుతాయా? అలాగైతే అన్నం కుండ కింద మంట పెంచితే అన్నం ఉడకదు మరి.

పెనం_పక్కన | మే 9, ఉదయం 7:52

కుండలో నీళ్ళుంటే కుండ అడుగు వంద దాటి ఎంతో పోదు బాబూ, నీళ్ళే దాన్ని పట్టి ఉంచుతాయి. ఖాళీ పెనం సంగతి వేరు. ఈ రోజు మీ ఇంట్లో దోసెలు మీరే వేయండి, ఆవిడకి విశ్రాంతి.

మేడమీద_కుర్చీ | మే 9, మధ్యాహ్నం 12:40

చూశాను! మేడ మీద మా వాటర్ ట్యాంకు పక్కన అరమీటరు పైపు నిలబెట్టాను. 12:05కి చిన్న తోకలా ఉన్న నీడ మెల్లగా లోపలికి దూరిపోయింది. 12:12కి లేదు. 12:20కి రెండో పక్క తోక మొలిచింది. అరికాళ్ళు మాడాయి, చెప్పులు వేసుకుని వెళ్ళండి.

రాత్రి_డ్యూటీ | కర్నూలు | మే 9, సాయంత్రం 5:30

నేను నర్సుని. మీరంతా ఇప్పుడే, కూర్చున్న చోటే చూసుకోగలిగింది ఒకటి చెప్తాను. మీరు రెండు ముక్కు రంధ్రాలతో సమానంగా గాలి పీల్చడం లేదు. స్టీలు పళ్ళెం ముక్కు కింద పెట్టి గాలి వదలండి. ఒక పక్క ఆవిరి మచ్చ పెద్దగా, రెండో పక్క చిన్నగా పడుతుంది. ఏసీ గదిలో అయితే ఇంకా బాగా తెలుస్తుంది. కొన్ని గంటలు పోయాక మళ్ళీ చూడండి, చాలామందికి పక్క మారి ఉంటుంది.

ముక్కు లోపలి గోడల్లో రక్తం నిండి ఉబ్బే కణజాలం ఉంటుంది. ఒక పక్క ఉబ్బితే రెండో పక్క తగ్గుతుంది. జలుబు చేసినప్పుడు ఒకే ముక్కు మూసుకుపోయి, కాసేపయ్యాక రెండోది మూసుకుపోయినట్టు ఉంటుందే, అది ఇదే. మామూలప్పుడు మనం పట్టించుకోం. కైజర్ అనే జర్మన్ వైద్యుడు 1895లో దీన్ని వివరించాడు. మన యోగశాస్త్రం వాళ్ళు ఎడమ ముక్కుది ఇడ, కుడిది పింగళ అని, స్వరం, అంటే ఊపిరి ఆడే పక్క, మారుతుందని ఎప్పుడో గమనించారు. ఏ స్వరంలో ఏ పని మొదలుపెట్టాలి అనే మాటల జోలికి నేను పోను. మారడం మాత్రం నిజం.

ఇంకోటి, పొద్దున్న లేచేసరికి మనం రాత్రికంటే సుమారు ఒక సెంటీమీటరు పొడుగుంటాం. వెన్నుపూసల మధ్య దిండ్లు పగలంతా బరువుకి అణిగి, రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పోలీసు సెలక్షన్లకి వెళ్ళే పిల్లలూ, కొలత పొద్దున్నే అయ్యేట్టు చూసుకోండి.

కొత్తగా_చేరా | తెనాలి | మే 9, సాయంత్రం 6:10

అక్కా, నాకు ఎడమ పక్కే వస్తోంది! మా తమ్ముడికి కుడి పక్క. ఇద్దరం పళ్ళెం కోసం కొట్టుకుంటున్నాం.

జై_విజ్ఞానం | మే 9, రాత్రి 8:00

అద్భుత నిజాలు!! మనిషి మెదడులో 10 శాతమే వాడతాడు. చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుంది. పిడుగు ఒకసారి పడ్డ చోట మళ్ళీ పడదు. పది మందికి పంపండి.

రాత్రి_డ్యూటీ | మే 9, రాత్రి 8:12

మూడూ తప్పే అండీ. మెదడంతా పనిచేస్తూనే ఉంటుంది, నిద్రలో కూడా. చిన్న భాగం దెబ్బతిన్నా మాటో చెయ్యో పడిపోవడం మేము వార్డులో రోజూ చూస్తాం. మిగతా తొంభై శాతం ఖాళీగా ఉంటే ఆ కష్టమే ఉండదు కదా.

సముద్రం_గాలి | మే 9, రాత్రి 8:20

గోడ పొడవే కానీ వెడల్పు కొన్ని మీటర్లే. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరం. అక్కణ్ణుంచి జాతీయ రహదారి కనిపిస్తే గోడా కనిపిస్తుంది. ఇక పిడుగంటారా, ఎత్తయిన టవర్ల మీద ఏడాదిలో చాలాసార్లు పడుతుంది.

లెక్కల_మాస్టారు | మార్కాపురం | మే 9, రాత్రి 9:30

రిటైరై ఆరేళ్ళయింది. పిల్లల్ని నమ్మించలేక ఇబ్బంది పడ్డ సంగతులు రెండు చెప్తాను.

మొదటిది. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్ళలో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. యాభై మంది ఉన్న తరగతిలో అయితే 97 శాతం. నేను ఏటా తొమ్మిదో తరగతిలో మొదటి రోజే పందెం కాసేవాణ్ణి. ఓడితే క్లాసంతటికీ చాక్లెట్లు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారే కొన్నాను.

ఎందుకంటే మనం 'నా పుట్టినరోజుతో ఎవరిది కలుస్తుంది' అని ఆలోచిస్తాం. అడిగింది అది కాదు. ఏ ఇద్దరిదైనా సరే. 23 మందిలో ఇద్దరిద్దరి జతలు 253 వస్తాయి. ఒక్కో జత కలిసే అవకాశం 365లో ఒకటే అయినా, 253 సార్లు ప్రయత్నిస్తున్నాం.

ఒక హెచ్చరిక. స్కూలు రిజిస్టరు చూసి పందెం కాయకండి. మా తరం పిల్లల్లో చాలామంది జూన్ ఒకటినో జులై ఒకటినో పుట్టారు! చేర్పించే రోజు అయ్యవారు వేసిన తేదీలవి. ఇంట్లో అమ్మ చెప్పే తేదీ అడగాలి.

రెండోది. భూమి చుట్టూ నడుము దగ్గర సరిగ్గా సరిపోయేలా తాడు కట్టాం అనుకోండి. నలభై వేల కిలోమీటర్ల తాడు. దానికి ఇంకో ఒక్క మీటరు అతికించి, అన్ని వైపులా సమానంగా పైకి లేపితే తాడు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటుంది? లెక్క వేయకుండా చెప్పండి.

నమ్మను_గాక_నమ్మను | మే 9, రాత్రి 9:37

నలభై వేల కిలోమీటర్లకి మీటరెంత? వెంట్రుక కూడా దూరదు.

కొత్తగా_చేరా | మే 9, రాత్రి 9:39

నాదీ అదే జవాబు మాస్టారూ. చీమ కూడా దూరదు.

లెక్కల_మాస్టారు | మే 9, రాత్రి 9:50

పిల్లి దూరుతుంది. దాదాపు 16 సెంటీమీటర్లు.

ఇంకా వినండి. నిమ్మకాయ చుట్టూ దారం కట్టి దానికి మీటరు కలిపినా అదే 16 సెంటీమీటర్లు. చంద్రుడికి కట్టినా అంతే. చుట్టుకొలత అంటే రెండు పై ఇంటూ వ్యాసార్థం. చుట్టుకొలత మీటరు పెరిగితే వ్యాసార్థం ఒకటి బై 6.28 మీటరు పెరుగుతుంది. అందులో అసలు వస్తువు ఎంత పెద్దదో అన్న ప్రశ్నే రాదు.

నమ్మను_గాక_నమ్మను | మే 9, రాత్రి 10:25

మా ఆవిడ బిందెకి, బండి టైరుకి దారం చుట్టి చూశా. రెండింటికీ మీటరు కలిపి గుండ్రంగా పరిచా. రెండింటికీ జానెడు కంటే కాస్త తక్కువ ఖాళీ. టేపు పెడితే రెండూ పదహారు దగ్గరే. భూమి సంగతి తెలీదు గానీ బిందె వరకు ఒప్పుకుంటా.

మిర్చియార్డు_పక్కిల్లు | గుంటూరు | మే 10, ఉదయం 6:50

మా ఊరి నుంచి రెండు.

మిరపకాయ కారం రుచి కాదు, నొప్పి. నాలుక మీద 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టి మెదడుకి 'కాలుతోంది' అని చెప్పే గ్రాహకం ఒకటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని నొక్కేస్తుంది. నాలుక కాలదు, కాలినట్టు కబురు మాత్రం వెళ్తుంది. చెమటలు పట్టేది అందుకే, ఒళ్ళు నిజంగా వేడెక్కిందనుకుని చల్లార్చే పని మొదలుపెడుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. మంచినీళ్ళు తాగితే కారం తగ్గకపోవడానికి కారణం క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పెరుగన్నం కలుపుకోండి.

పక్షులకి ఈ కారం తగలదు. వాటి గ్రాహకం క్యాప్సైసిన్‌కి పలకదు. రామచిలక పచ్చిమిరపకాయ కసకసా కొరకడం మీరూ చూసే ఉంటారు, ఆ తెలివంతా మిరప మొక్కది. పక్షి గింజని నమలకుండా మింగి దూరంగా వదులుతుంది. మనలాంటి పళ్ళున్న జంతువులు నమిలి పాడుచేస్తాయి. వద్దన్నది మనల్ని, మనమేమో క్వింటాళ్ళ లెక్కన కొంటున్నాం.

రెండోది, అయిదువందల యాభై ఏళ్ళ కిందట తెలుగునాట ఏ వంటింట్లోనూ మిరపకాయ లేదు. అది అమెరికా ఖండాల పంట. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు కారానికి మిరియాలే.

పెనం_పక్కన | మే 10, ఉదయం 7:30

ఇది మాత్రం ఒప్పుకోను. ఆవకాయ లేని తెలుగువాళ్ళా?

లెక్కల_మాస్టారు | మే 10, ఉదయం 8:15

అమ్మా, ఆవకాయలో ఆవ అంటే ఆవాలే కదా. మిరప పేరు లేదు చూడండి. మామిడికాయ, ఆవపిండి, నూనె, ఉప్పు ఉన్న ఊరగాయ ఉండి ఉండొచ్చు, ఎర్రటిది మాత్రం కాదు. మిరప అన్న మాటే మిరియం వైపు నుంచి వచ్చింది. కొత్త కారానికి పాత కారం పేరు పెట్టుకున్నాం. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, జీడిమామిడి, అన్నీ ఆ ఓడల బాపతే. వేరుశనగ లేని రాయలసీమని ఊహించండి.

పెనం_పక్కన | మే 10, ఉదయం 8:31

సరే, ఈ ఏడు జాడీ పెడుతున్నప్పుడు ఈ మాట గుర్తొచ్చి నాకు చిరాకు వేస్తుంది.

మిర్చియార్డు_పక్కిల్లు | మే 10, ఉదయం 9:00

ఇంకోటి మర్చిపోయా. బెలూన్లలో నింపే హీలియం భూమి మీద దొరక్కముందే సూర్యుడిలో దొరికింది. అది కనిపెట్టింది మా గుంటూరులో! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగా పోయింది.

చలిదేశం | టొరంటో | మే 10, ఉదయం 9:45

గుంటూరు అన్నయ్యా, గర్వపడాల్సిందే గానీ ఒక చిన్న సవరణ. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి ఆ గ్రహణం చూసిన మాట నిజం. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగుని పట్టకంలాంటి పరికరంతో విడగొడితే మెరిసే గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని ఆయనకి అక్కడే తట్టింది. మర్నాడు గుంటూరులోనే మామూలు ఎండలో చూసేశాడు. ఆయన అసలు ఘనత అది. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ కూడా చూశాడు.

అందులో ఒక పసుపు గీత ఉంది. అది సోడియంది అనుకున్నారు మొదట. కాదు, కాస్త పక్కన ఉంది, ఇది తెలిసిన ఏ మూలకానిదీ కాదు అన్న మాట ఇంగ్లండులో లాక్యర్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త పని నుంచి వచ్చింది, ఆ అక్టోబరులో. సూర్యుడికి గ్రీకులో హీలియోస్ అంటారు, అందుకే హీలియం అని పేరు. భూమి మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సేకి, యురేనియం ఉన్న ఒక ఖనిజంలో. ఇరవై ఏడేళ్ళ పాటు మనిషికి తెలిసిన హీలియమంతా సూర్యుడిలోనే ఉంది.

నా వంతు ఒకటి. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. మీరు భోగిమంటకి పిడకలు ఏరుకుంటూ చలికి వణికేటప్పుడు! అప్పుడు దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. రుతువులు దూరం వల్ల రావు, భూమి ఒరిగి ఉండటం వల్ల వస్తాయి. ఇక్కడ మైనస్ ఇరవైలో మంచు పారతో తోడుతూ 'మనం ఇప్పుడు సూర్యుడికి దగ్గరగా ఉన్నాం' అనుకుంటే ఏడుపొస్తుంది.

లెక్కల_మాస్టారు | మే 10, ఉదయం 11:20

భోగి మాట వచ్చింది కాబట్టి. సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14నే అనుకుంటాం. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి రోజున. ఆ తేదీ 1863 జనవరి 12! ఇప్పుడు సంక్రాంతి 14న, కొన్నేళ్ళు 15న వస్తోంది. మన పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాల దగ్గర కొలుస్తుంది, ఇంగ్లీషు క్యాలెండరు రుతువుల దగ్గర కొలుస్తుంది. రెండు సంవత్సరాలకీ ఇరవై నిమిషాల తేడా. డెబ్భై ఏళ్ళ చిల్లరకి ఒక రోజు. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తిరగడమే కారణం. నిజానికి సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అనుకునేసరికి ఆయన మళ్ళి మూడు వారాలవుతుంది.

అనంత_ఎండ | అనంతపురం | మే 10, మధ్యాహ్నం 2:10

ఎండ సంగతి మాకు వదిలేయండి. కుండ నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో అందరికీ తెలుసు, సన్నటి రంధ్రాల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. తమాషా ఏమిటంటే, ఎండ ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లగా ఉంటుంది. మా ఊళ్ళో పళ్ళు జివ్వుమంటాయి.

సముద్రం_గాలి | మే 10, మధ్యాహ్నం 2:30

అందుకేనా! అనంతపురం నుంచి మా బావ తెచ్చిన కుండే, విశాఖలో పనిచేయదు. కుండ మారిందని ఆయన్ని అనుమానించాను. ఇక్కడ గాలిలోనే తేమ నిండుగా ఉంటే చెమ్మ ఎక్కడికి పోతుంది? మా ఒంటి మీద చెమట కూడా అలాగే నిలబడి ఉంటుంది.

మేడమీద_కుర్చీ | మే 10, మధ్యాహ్నం 3:05

దీనికి తోడు ఒకటి. ఫ్యాను గదిని చల్లబరచదు. పైగా కొంచెం వేడి చేస్తుంది.

నమ్మను_గాక_నమ్మను | మే 10, మధ్యాహ్నం 3:06

ఇక చాలు. నేను ఇప్పుడు ఫ్యాను కిందే పడుకున్నా. చల్లగా ఉంది.

మేడమీద_కుర్చీ | మే 10, మధ్యాహ్నం 3:14

మీకు చల్లగా ఉంది, గదికి కాదు. ఒంటి చుట్టూ పేరుకున్న వేడి గాలిని, చెమ్మని ఫ్యాను తోసేస్తుంది కాబట్టి చెమట తొందరగా ఆరుతుంది. కుండ లాగే మీరూనూ. కానీ 75 వాట్ల మోటారు తీసుకునే కరెంటంతా చివరికి ఆ గదిలోనే వేడిగా మారుతుంది. తలుపులేసిన ఖాళీ గదిలో థర్మామీటరు పెట్టి గంట తిప్పండి. ఒక్క పాయింటు తగ్గితే నేను పందెం ఓడినట్టు. 'వచ్చేసరికి గది చల్లబడుతుంది' అని ఫ్యాను వేసి బజారుకెళ్ళే మా నాన్నగారితో ఇరవై ఏళ్ళుగా ఇదే గొడవ. ఇంకా నేనే ఓడుతున్నా.

కొత్తగా_చేరా | మే 11, ఉదయం 6:20

మా పెరట్లో వేపచెట్టు మీద పొద్దున్న నుంచి కోకిల ఒకటే కూత. "కోకిలమ్మ పాడుతోంది" అంది నానమ్మ. అది కోకిలమ్మ కాదు! కూ కూ అని పాడేది మగ కోకిల. నల్లగా మెరుస్తూ, ఎర్రటి కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ కిక్ అని అరుస్తుంది తప్ప ఆ పాట పాడదు. చలికాలంలో కోకిల ఎక్కడికో వెళ్ళిపోతుందని కూడా అనుకుంటాం. చాలావరకు ఇక్కడే ఉంటుంది, కూయదు, అంతే.

కొబ్బరిచెట్టు మీద చుక్కల పక్షిని చూపించి ఇదీ కోకిలే అంటే, నానమ్మ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి "పాడని కోకిలేంటే" అంది.

పెనం_పక్కన | మే 11, ఉదయం 7:00

పాట ఆయనది, గుడ్డు ఆవిడది, పెంపకం కాకిది. బాగుంది కాపురం.

కొత్తగా_చేరా | మే 11, ఉదయం 7:20

ఇంకోటి చిన్నది. నా తెల్ల చున్నీ మీద పసుపు పడితే సబ్బు రాశా, మరక ఎర్రగా అయిపోయింది. టెన్షన్‌తో అమ్మ దగ్గరికి పరిగెత్తితే నిమ్మకాయ పిండింది, మళ్ళీ పసుపు రంగు. సబ్బు, సున్నం లాంటి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కొస్తుంది. పెళ్ళిలో కాళ్ళకి పెట్టే పారాణి పసుపూ సున్నమే కదా!

అనంత_ఎండ | మే 11, మధ్యాహ్నం 1:00

ఆదిలాబాద్ అన్నకి నేనొక మందు చెప్తా. పొడపత్రి ఆకులు రెండు తెచ్చుకుని నిమిషం పాటు బాగా నమిలి ఉమ్మేయండి. తర్వాత చెంచాడు చక్కెర నోట్లో వేసుకోండి. ఇసక. చక్కెర కరుగుతుంది గానీ తీపి అన్నది ఉండదు. ఉప్పు, పులుపు మాత్రం మామూలుగానే తెలుస్తాయి. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలని ఆ ఆకులోని పదార్థం కాసేపు మూసేస్తుంది. అరగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. దానికి మధునాశిని అన్న పేరు ఊరికే రాలేదు.

రాత్రి_డ్యూటీ | మే 11, మధ్యాహ్నం 1:25

సరదాకి రెండు ఆకులు సరే. షుగరు మందులు వాడేవాళ్ళు దీన్ని మందులా రోజూ తినడం మొదలుపెట్టకండి, డాక్టరుకి చెప్పకుండా అస్సలు వద్దు.

నమ్మను_గాక_నమ్మను | మే 18, మధ్యాహ్నం 12:50

మబ్బు. పదకొండున్నర నుంచి హ్యాండ్ పంపు పక్కన నిలబడ్డా. నీడే లేదు, కానీ సూర్యుడూ లేడు. ఇది లెక్కలోకి రాదు.

మేడమీద_కుర్చీ | మే 18, మధ్యాహ్నం 1:02

రేపు చూడండి. తేడా తెలీదు.

నమ్మను_గాక_నమ్మను | మే 19, రాత్రి 8:15

చూసిన.

మా ఇంటి ముందు నిలువు పైపు ఉంది, దానికి దారంతో రాయి కట్టి వేలాడదీసి నిటారుగా ఉందో లేదో ముందే చూసుకున్నా. 12:12కి నీడ పైపు మొదట్లోకి దూరింది. మా మనవడు నా చుట్టూ రెండు రౌండ్లు తిరిగి "తాతా, నీ నీడ ఏది" అన్నాడు. వీధిలో ఐదారుగురు వచ్చి చూసి పోయారు. కాబట్టి నీడ ఒప్పుకుంటా, బిందె ముందే ఒప్పుకున్నా. ఫ్యాను సంగతి ఇంకా తేలలేదు, థర్మామీటరు దొరకలేదు.

ఈ రోజు అంగడిలో మందుమూలికలు అమ్మే ఆమె దగ్గర పొడపత్రి కూడా దొరికింది. సాయంత్రం నమిలా. ఆ మాట మరిచిపోయి చాయ్ తాగితే గడ్డి నీళ్ళు. చక్కెర వేయలేదని మా ఆవిడ మీద లేచా. ఆమె అదే కప్పులోంచి ఒక గుక్క తాగి చూసి, వేశానంది. ఇంకో చెంచా వేయించా. అప్పుడూ లేదు. అప్పుడు గుర్తొచ్చి ఆకు సంగతి చెప్పా.

ఆకు నమిలితే చక్కెర తీపి పోతుందంటే నమ్మట్లేదు. రేపు పొద్దున్నే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటోంది.

పెనం_పక్కన | మే 19, రాత్రి 8:22

ఆకు ఇంకా మిగిలి ఉంటే ఆవిడకి ఒకటి ఇవ్వండి బాబూ.